వనభోజనాల మర్నాడు అమ్మకి విరేచనాలు: నీళ్ల లెక్క, బిళ్ళల లెక్క

2025 నవంబరు 9 ఆదివారం కార్తీక వనభోజనాలు. పంక్తి లేచేసరికి మధ్యాహ్నం రెండు. సోమవారం తెల్లవారుజామున మూడింటికి అమ్మకి మొదటి విరేచనం, అరగంటలో రెండోది. రెండోది అచ్చం నీళ్లే. రక్తం లేదు, జిగురు లేదు, జ్వరం లేదు, 98.8. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, విరేచనమయ్యాక తగ్గుతోంది.

అమ్మకి 68 ఏళ్లు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన బిళ్ళ. బీపీకి టెల్మిసార్టన్‌లో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ. పాతికేళ్ల మనిషికి రెండు రోజుల ఇబ్బందితో పోయే విరేచనాలు, ఈ బిళ్ళలు వాడే పెద్దవాళ్లకి ఒక్క పూటలో మూత్రపిండాల మీదికి వస్తాయి. నేను ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను. పిల్లల విరేచనాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో షుగరూ బీపీ ఉన్న అమ్మానాన్నల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఓఆర్ఎస్. మందుల డబ్బాలో ప్యాకెట్లు ఉన్నాయి. వెనక చూడాల్సినవి రెండే. ఒకటి, సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 అని ఉందా లేదా. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత, అన్నీ కలిపి 20.5 గ్రాములు. రెండు, ఎంత నీళ్లలో కలపాలి. ఈ పెద్ద ప్యాకెట్ కచ్చితంగా లీటరు నీళ్లకి. నాలుగు గ్రాముల చిల్లర ఉండే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, అవి 200 మి.లీ.కి. పెద్ద ప్యాకెట్ చింపి గ్లాసు నీళ్లలో పోసేస్తే ఉప్పు అయిదింతలవుతుంది. అది తాగితే వాంతి అవుతుంది, దాహం పెరుగుతుంది, పేగులోకి ఇంకా నీరు లాగుతుంది. సగం ప్యాకెట్ అర లీటరుకి అన్న లెక్క కూడా వద్దు. పొడిలో ఉప్పు, గ్లూకోజు సమంగా కలిసి ఉండవు, ఏ సగంలో ఏది ఎక్కువ పడిందో కంటికి కనపడదు.

లీటరు కొలతకి ఖాళీ మంచినీళ్ల సీసా వాడాను, లీటరుదే. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ప్యాకెట్ మొత్తం వేసి, మూతపెట్టి ఊపాను. కలిపాక మళ్లీ కాచకూడదు. సీసా మీద మార్కర్‌తో టైము రాశాను, 24 గంటలు దాటితే పారబోయాలి. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఇంట్లో స్టీలు గ్లాసు కొలిస్తే 180 మి.లీ. పట్టింది. చాలా ఇళ్లలో గ్లాసంటే 250 అనుకుని లెక్క వేసుకుంటారు, నాలుగు గ్లాసులయ్యేసరికి పావు లీటరుకి పైగా తేడా వచ్చేస్తుంది.

విరేచనమైన ప్రతిసారీ గ్లాసు నుంచి రెండు గ్లాసులు, మధ్యలో దాహం వేస్తే మళ్లీ. ఇదీ పెద్దవాళ్ల లెక్క. అమ్మ మొదటి గ్లాసు ఒక్క గుక్కలో తాగేసింది, అయిదింటికి వాంతి చేసుకుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మొదలుపెట్టాలి. నిమిషానికి ఒక చెంచా, అంటే 5 మి.లీ. వినడానికి ఏమూలకి అనిపిస్తుంది కానీ గంటకి 300 మి.లీ. అవుతుంది, కడుపు తిప్పకుండా నిలుస్తుంది. పక్కన గడియారం పెట్టుకుని కూర్చోవాలి. అది ఓపికతో చేసే పని, ఇంట్లో ఇద్దరుంటే అరగంటకొకరు మారడం మంచిది.

"ఇవాళ సోమవారమే, చుక్కలు చూసేదాకా ఏమీ ముట్టను" అంది అమ్మ. కార్తీకంలో మూడో సోమవారం. వాదించలేదు. "ఉపవాసం పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా ఎప్పుడు చేశావమ్మా? ఇదీ నీళ్లే, మందు కలిపిన నీళ్లు. ఒంట్లో బాలేనివాళ్లకి నియమం లేదని నువ్వే చెబుతావుగా" అన్నాను. తాగింది. పెద్దవాళ్ల దగ్గర వైద్యం మాట కంటే వాళ్ల మాటే వాళ్లకి అప్పజెప్పడం పనికొస్తుంది.

ఆరింటికి గ్లూకోమీటర్‌లో 138. ఇక్కడ బిళ్ళల సంగతి. ఉదయం టిఫిను ముందు వేసుకునే బిళ్ళ చేతికి ఇవ్వకుండా, మామూలుగా చూపించుకునే డాక్టరుగారికి మెసేజ్ పెట్టాను. ఏడున్నరకి ఆయనే ఫోన్ చేశారు. షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ రెండూ ఆపమన్నారు. కారణాలు వేరువేరు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా షుగరు దించుతుంది, తిండి లేని రోజు అది 70 కిందికి పోతే చెమటలు పట్టి మనిషి తూలిపోతుంది. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి, అవి మందగిస్తే ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెంచే ప్రమాదం ఉంది. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయించే మందు, అసలే నీళ్లు పోతున్న ఒంట్లోంచి ఇంకా నీళ్లు, సోడియం, పొటాషియం తోడేస్తుంది. టెల్మిసార్టన్, నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు తమ లోపలి ఒత్తిడి నిలబెట్టుకునే దారిని మూసేస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి 'గ్లిఫ్లోజిన్' షుగరు మందులు వాడేవాళ్లు కూడా అలాంటి రోజు డాక్టరుని అడిగి ఆపాల్సిందే. ఇన్సులిన్ మాత్రం ఎవరూ సొంతంగా మానేయకూడదు, మోతాదు ఎంత తగ్గించాలో అడగాలి. మెలిపెట్టే నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసలు వద్దు, మూత్రపిండాలకి అది మూడో దెబ్బ.

"షుగరు ఉన్నావిడకి గ్లూకోజు పొడి కలిపి పోస్తావా, బీపీ ఉన్నావిడకి ఉప్పు నీళ్లు పోస్తావా" అని పక్కింటి పిన్నిగారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. లీటరు మొత్తంలో గ్లూకోజు 13.5 గ్రాములు, అంటే మూడు చెంచాల లోపు. అది శక్తి కోసం వేసింది కాదు, పేగు గోడలో సోడియాన్ని లోపలికి తీసుకునే తలుపు గ్లూకోజుతో కలిసొస్తేనే తెరుచుకుంటుంది, సోడియం వెంట నీరు వెళుతుంది. విరేచనాలు ఎంత ధారగా అవుతున్నా ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. ఇక ఉప్పు, పోతున్నదాన్నే తిరిగి పోస్తున్నాం. ఉప్పు భయంతో వట్టి మంచినీళ్లే తాగిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది, ఆ మూత్రం బిళ్ళ వాడేవాళ్లకి మరీ తొందరగా. అప్పుడు మనిషి మత్తుగా, మాట తడబడుతూ ఉంటే నీరసం అనుకుని వదిలేస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో ముందే డాక్టరుతో తేల్చుకోవాలి.

ఎనిమిదింటికి ఇంకో రెండు ప్యాకెట్ల కోసం తమ్ముణ్ణి మందుల షాపుకి పంపాను. తెచ్చింది అట్టపెట్టె జ్యూసు, యాపిల్ రుచి. "విరేచనాలంటే ఇదే ఇచ్చారక్కా" అన్నాడు. వెనక తిప్పి చూస్తే 100 మి.లీ.కి చక్కెర 11 గ్రాములు. లీటరుకి 110. ఓఆర్ఎస్‌లో ఉన్నదానికి ఎనిమిదింతలు. అంత తీపి పేగులోకి వెళితే నీటిని లోపలికి పంపే బదులు రక్తంలోంచి పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి, షుగరు పైకి పోతుంది. ఇలాంటి పానీయాల పేర్లలో 'ఓఆర్ఎస్' అన్న మాట ఉండకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అంతకుముందు నెలే, అక్టోబరులో, ఆదేశించింది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ పేరు మారినంత మాత్రాన అలవాటు మారదు. షాపులో 'విరేచనాలకి ఏదైనా ఇవ్వండి' అనకుండా 'లీటరుకి కలిపే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్' అని అడగాలి. 22 రూపాయలు. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు.

పిన్నిగారు లోపెరమైడ్ బిళ్ళ కూడా తెచ్చారు, 'వెంటనే కట్టేస్తుంది' అని. వేయలేదు. అది పేగు కదలికని ఆపుతుంది కానీ పేగులోకి ఊరుతున్న నీటిని పెద్దగా ఆపదు. బయటికి రాని నీరు కూడా ఒంటికి దక్కని నీరే, లెక్కకి మాత్రం అందదు. జ్వరమో రక్తమో ఉంటే అది ప్రమాదం కూడా, చిన్నపిల్లలకైతే అసలే వేయకూడదు.

తెల్లవారుజాము నుంచి ఒక కాగితం మీద మూడు గీతలు గీసి రాస్తూ వచ్చాను: టైము, లోపలికి ఎంత, బయటికి ఏమిటి. నీళ్ల విరేచనం ఒక్కోటి గ్లాసు, గ్లాసున్నర ఉంటుందని వేసుకోవచ్చు. పదింటికి చూస్తే లోపలికి నిలిచింది లీటరు పైచిలుకు, పోయింది అంతకంటే ఎక్కువే. ఆ కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఖాళీగా ఉంది. "ఒంటికెళ్లావా అమ్మా?" అని అడిగితే రాత్రి పడుకోబోయే ముందు వెళ్లిందే అంది. అంటే పన్నెండు గంటలు. విరేచనంతో పాటు కాస్త పోయి ఉంటుందిలే అని సరిపెట్టుకోకూడదు. విరేచనాలు ఎన్నయ్యాయన్నది కాదు, మూత్రం వస్తోందా లేదా అన్నదే అసలు కొలమానం.

బీపీ మిషన్‌తో పడుకోబెట్టి చూస్తే 126/74. లేపి నిలబెట్టి రెండు నిమిషాల తర్వాత 98/60, నాడి 108. పడుకుని ఉన్నప్పటి అంకె చూసి బాగానే ఉందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. నిలబడగానే పై అంకె 20కి మించి పడిపోతే ఒంట్లో నీరు బాగా తగ్గినట్టు. నాలుక ఎండి పిడచకట్టుకుపోయింది. చేతి మీద చర్మం పట్టి లాగి చూసే పరీక్ష పిల్లలకి సరే, పెద్దవాళ్లకి వయసు వల్లే చర్మం వదులు కాబట్టి అది నమ్మదగ్గది కాదు. పదకొండింటికి ఆస్పత్రికి బయలుదేరాం.

మా ఊళ్లో ఒక ప్రైవేటు ఆస్పత్రి. పదకొండున్నరకి చేరాం. కౌంటరులో విరేచనాలు అని చెబితే ఓపీ టోకెన్ ఇచ్చారు, మా ముందు వరండా నిండా జనం. కాగితం చూపించి "షుగరు, బీపీ ఉన్న మనిషి, పన్నెండు గంటలుగా మూత్రం లేదు, నిలబడితే బీపీ పడిపోతోంది" అన్నాను. టోకెన్ పక్కన పెట్టి అత్యవసర గదిలోకి తీసుకెళ్లారు. ఏం చెబుతామన్నదాన్ని బట్టి వరస మారుతుంది. డాక్టరు పన్నెండుంపావుకి వచ్చారు, రక్తపరీక్షల రిపోర్టు చేతికొచ్చేసరికి రెండయింది.

మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. ఆగస్టులో చేయించినప్పుడు 0.9. సోడియం 131, పొటాషియం 3.2. మూడూ ఒకే కథ చెబుతున్నాయి: నీరు తగ్గి మూత్రపిండాలు తాత్కాలికంగా మందగించాయి, ఉప్పులు విరేచనాల్లోనూ మూత్రం బిళ్ళతోనూ పోయాయి. పాత రిపోర్టు ఫోనులో ఉండబట్టి ఈ 1.6 కొత్తగా వచ్చిందని డాక్టరుకి వెంటనే తెలిసింది. లేకపోతే ఎప్పటినుంచో ఉన్న మూత్రపిండాల జబ్బేమో అన్న అనుమానంతో స్కానింగు దాకా వెళ్లేది.

రింగర్ లాక్టేట్ 500 మి.లీ. మొదటి బాటిల్ గంటలో ఎక్కించారు, ముందు ఊపిరితిత్తుల్లో చప్పుడు విని, గుండె జబ్బు లేదని అడిగి తెలుసుకుని. రెండోది రెండున్నర గంటలు. గ్లూకోజు బాటిల్ కాకుండా ఇదే ఎందుకంటే, దీనిలో సోడియం, పొటాషియం రక్తానికి దగ్గరగా ఉంటాయి, లాక్టేట్ ఒంట్లో బైకార్బొనేటుగా మారి విరేచనాల్లో పోయిన క్షారాన్ని భర్తీ చేస్తుంది. వాంతికి ఒండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. సూది. చేతి నరాలు చిక్కిపోయి, బాటిల్ ఎక్కించే సన్న గొట్టం, క్యాన్యులా, మొదటిసారి ఎక్కలేదు, వేడినీళ్ల గుడ్డ పెట్టి మోచేతి దగ్గర వేశారు. ఎండిపోయిన మనిషికి ఇది తరచూ అయ్యేదే, నర్సు మీద కోప్పడి లాభం లేదు.

చీటీలో ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన యాంటీబయాటిక్ బిళ్ళ కూడా ఉంది. "జ్వరం, రక్తం లేవు కదండీ, ఇది అవసరమా?" అని అడిగాను. డాక్టరు ఒక్క క్షణం చూసి కొట్టేశారు. మర్యాదగా అడిగితే చాలామంది వింటారు. నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. రక్తంతో వచ్చే జిగట విరేచనాలకి, కలరా అనుమానం ఉన్నప్పుడు మాత్రం అవి కావాలి. మల పరీక్ష రాయలేదు. చేసే వైద్యం దానివల్ల మారదు. రేస్‌కాడోట్రిల్ 100 మి.గ్రా. రోజుకి మూడుసార్లు రాశారు, అది పేగులోకి నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది, కదలికని ఆపదు.

అయిదింబావుకి మూత్రం వచ్చింది, చిక్కటి టీ రంగులో. బెడ్‌పాన్ చేతిలో పట్టుకుని ఏడుపొచ్చింది నాకు. అప్పటిదాకా లోపల బిగబట్టుకున్నది అప్పుడు వదిలింది. మూత్రం వచ్చాకే పొటాషియం మొదలుపెట్టారు, మూత్రపిండాలు తెరుచుకోకుండా ఇస్తే అది రక్తంలో పెరిగి గుండెకి ప్రమాదం. పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మి.లీ., అర గ్లాసు నీళ్లలో కలిపి, తిన్న తర్వాత. నేరుగా తాగితే కడుపులో మంట. రుచి ఘోరంగా ఉంటుంది, తర్వాత నోట్లో చిటికెడు పటికబెల్లం పెట్టాను.

రాత్రి ఎనిమిదింటికి ఇంటికి పంపారు. ఓపీ 400, రక్తపరీక్షలు 1,250, బెడ్డు 1,500, మందులు, బాటిళ్లు, సెట్టు, క్యాన్యులా కలిపి 980. మొత్తం 4,130 రూపాయలు. ఆరోగ్య బీమా కార్డు ఉన్నా పనికి రాలేదు. 24 గంటలు చేరిక ఉంటేనే వర్తిస్తుందన్నారు. ఆ డబ్బు కోసం ఒక రాత్రి ఉంచుదామా అని తమ్ముడు అన్నాడు కానీ, తాగుతున్న మనిషికి ఇల్లే మేలు.

ఇంటికొచ్చాక అసలు పని మళ్లీ ఓఆర్ఎస్సే. బాటిళ్లు ఖాళీ అయిన తొట్టి నింపాయంతే, రంధ్రం ఇంకా ఉంది. రాత్రిళ్లు మరుగుదొడ్డికి నడవడం మందు కంటే పెద్ద సమస్య. లేవగానే కళ్లు తిరిగి పడితే తుంటి విరుగుతుంది. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, తర్వాతే లేపాలి. కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చి మంచం పక్కనే పెట్టాం. ఆసనం దగ్గర ఒరుసుకుపోకుండా నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కొబ్బరినూనె రాశాం. రుద్దకూడదు.

కమోడ్ గిన్నె, నేల తుడవడానికి హైపోక్లోరైట్ (బ్లీచు) ద్రావణం, 5 శాతం ఉన్నది ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు. దాన్ని బాత్రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఒకటి వాడిన చోట బాగా నీళ్లు కొట్టకుండా రెండోది వాడొద్దు. చేతులకి సబ్బు, నీళ్లు. శానిటైజరు కొన్ని వైరస్‌ల మీద సరిగా పనిచేయదు.

తిండి ఆపలేదు. మంగళవారం ఉదయం ఉప్పేసిన గంజి, మధ్యాహ్నం మెత్తటి పెసరపప్పు పులగం, సాయంత్రం ఇడ్లీ, అరటిపండు. తింటే విరేచనమవుతుందని పస్తు పెట్టడం పాత అలవాటు. నిజానికి తిండి పడితేనే పేగు లోపలి పొర త్వరగా కోలుకుంటుంది. పాలు నాలుగు రోజులు ఆపాం, పొర దెబ్బతిన్నప్పుడు పాలచక్కెర అరగదు. పెరుగు, మజ్జిగ పర్వాలేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది కానీ సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌తో పాటు ఇవ్వొచ్చు, దానికి బదులుగా కాదు. షుగరు నాలుగు గంటలకోసారి చూస్తే మంగళవారం 164, 187, సాయంత్రం ఒకసారి 212. బిళ్ళ లేకుండా ఆ రెండు రోజులు 200 దగ్గర ఉండటం గురించి కంగారు పడొద్దన్నారు డాక్టరు, 300 దాటితే ఫోన్ చేయమన్నారు. పిక్కలు పట్టేయడం బుధవారం దాకా ఉంది, పొటాషియం సర్దుకునేకొద్దీ తగ్గింది.

మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, నేను లేనప్పుడు తమ్ముడికి తెలియాలని: ఆరు గంటలు మూత్రం రాకపోవడం, రక్తం, జ్వరం 102, బియ్యం కడుగులాంటి విరేచనం ఆగకుండా పోవడం, మాట తడబడటం, చెంచాతో ఇచ్చినా నిలవని వాంతి, కడుపు ఉబ్బి గట్టిపడటం.

బుధవారం మధ్యాహ్నానికి విరేచనం చిక్కబడింది, మూత్రం లేత పసుపు. శుక్రవారం 14న మళ్లీ రక్తపరీక్ష, 650 రూపాయలు: క్రియాటినిన్ 1.0, సోడియం 137, పొటాషియం 4.1. ఈ రెండో పరీక్షని చాలామంది ఎగ్గొడతారు, మనిషి లేచి తిరుగుతోంది కదా అని. బిళ్ళలు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది అదే. శనివారం పొద్దున షుగరు బిళ్ళ మొదలైంది. బీపీకి మాత్రం హైడ్రోక్లోరోథయజైడ్ తీసేసి వట్టి టెల్మిసార్టన్ 40 రాశారు, నెల తర్వాత బీపీ, సోడియం చూసి మిగతాది ఆలోచిద్దామన్నారు. పాత బిళ్ళల షీటు అమ్మ డబ్బాలోంచి తీసేశాను, రెండూ పక్కపక్కనే ఉంటే ఆవిడ రంగు చూసి పాతదే వేసుకుంటుంది.